దూరపు చెవి

దలెందా మొగుడు మోంజి మంచివాడు కాదని నాబుల్‌లో ఎవరూ అనరు. సిగరెట్టు లేదు, కాఫీ కొట్టు దగ్గర పేకాట లేదు, పెళ్ళాన్ని పల్లెత్తు మాట అని ఎరగడు. ఉన్న దుర్గుణమల్లా ఒక్కటే. ముప్పై రెండేళ్ళు బళ్ళో భూగోళం చెప్పి, నిరుడు రిటైరై ఇంటికొచ్చాడు. వచ్చినవాడు మళ్ళీ వెళ్ళలేదు.

బళ్ళో ఆయన మాట వినడానికి నలభై మంది పిల్లలుండేవారు. ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరికీ పనుంది. చూసి చూసి, ఈ వసంతంలో కంప్యూటర్‌లో ఓ తరగతి తెరిచాడు. పాఠం తల్లిది: నారింజ పూల నీళ్ళు దించడం. వినేవాళ్ళలో సగంమంది వీధిలోవాళ్ళే, లోపలి వాకిట్లో చాప మీద కూర్చుంటారు. మిగతా సగం తెర మీద గళ్ళలో కూర్చుంటారు. వాయవ్యపు కొండల్లో ఐన్ రిహాన్ అనే ఊరి ఆడవాళ్ళు ఒక గడిలో, ఎడారి అంచున తోజర్‌లో ఉండే తయ్యిబ్ అనే పెద్దమనిషి ఇంకో గడిలో. పాఠం తల్లిదే అయినా గంట కొట్టడం, హాజరు వెయ్యడం, "నిశ్శబ్దం" అనడం మాత్రం మోంజివి.

మూడో పాఠం ఇవాళ నాలుగింటికి. పాఠం చెప్పేవాళ్ళే లేరు.

పొద్దున్నే అత్తగారు షెద్లియా మేడ దిగివచ్చి, నడుముకి కట్టుకున్న తాళంచెవి విప్పి, దలెందా కలుపుతున్న పిండి పళ్ళెంలో పడేసింది. పూల నీళ్ళు దించే రాగి బట్టీ ఉండే అలమారా తాళం అది. కాపరానికి వచ్చిన ఇరవయ్యారేళ్ళలో అది ఆవిడ ఒంటిమీంచి దిగడం దలెందా చూడలేదు. ఆవిడ హమామ్‌కి స్నానానికి వెళ్ళినా దాంతోనే వెళ్ళేది.

"ఇంక ఇది నీదే అమ్మాయ్."

"నేనేం చేసుకోను అత్తయ్యా? నాకు బట్టీ మూత ఎటు తిప్పాలో కూడా తెలీదు."

"తెలీనివాళ్ళ దగ్గరుంటేనే భద్రం. నాలుగింటికి వాళ్ళకి చెప్పండి, షెద్లియా పాఠాలు మానేసిందని."

"ఎందుకని అడిగితే?"

ఆవిడ అప్పటికే సగం మెట్లు ఎక్కేసింది. వినిపించుకోలేదో, వినదలుచుకోలేదో.

మేడ గదిలో తెల్లదుప్పటి మీద ఎనిమిది కిలోల పూలు ఆరబోసి ఉన్నాయి. ఈ ఏటికి ఇవే ఆఖరి పూలు. నారింజ పూలు మనుషుల అలకలు తీరేదాకా ఆగే రకం కాదు. నిన్న కోసినవి ఇవాళ బట్టీ ఎక్కకపోతే రేపటికి గోధుమరంగుకి తిరిగి, పులిసిన వాసనేస్తాయి. ఇక్కడంటే సరే. కొండమీది వాళ్ళు కూడా ఇవే పూలు తెప్పించుకున్నారు. నిన్న రాత్రి టాక్సీలో గోనెసంచులు ఎక్కించింది మోంజే.

ఆ మోంజి ఇప్పుడు వంటింట్లో కూర్చుని రొట్టె ముక్కని ఆలివ్ నూనెలో ముంచుతున్నాడు, ఏమీ జరగనట్టు.

"చూశావా?" దలెందా పిండి అంటిన తాళాన్ని ఆయన ముందు పెట్టింది.

"చూశాను."

"అమ్మ ఎందుకలా చేసిందో తెలుసా?"

"వయసు."

"పోయిన బుధవారం దాకా లేని వయసు ఈ బుధవారానికి వచ్చిందా? ఏం చేశావు పోయిన పాఠంలో? నిజం చెప్పు."

మోంజి రొట్టె ముక్కని నూనెలో ఇంకోసారి ముంచాడు. "కొంచెం చరిత్ర చెప్పాను. నారింజ ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది. పటం కూడా చూపించాను."

"ఎంతసేపు?"

"చైనా నుంచి నాబుల్ దాకా."

"అదే, ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"నలభై నిమిషాలు! ఓడలో వచ్చినా ఇంతకంటే ముందొచ్చేది. ఆవిడ విద్యని ఆవిడ నోటితో చెప్పనివ్వకుండా నీ పటం విప్పావా? డెబ్భై నాలుగేళ్ళ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని?"

"నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ మధ్యలోనే కూర్చుంది."

"అబ్బ, మాస్టారూ!"

దలెందా ఆయన్ని ప్రేమొస్తే మోంజీ అంటుంది, కోపమొస్తే మాస్టారూ అంటుంది. ఈ మధ్య ఇంట్లో మాస్టారే ఎక్కువగా ఉంటున్నాడు.

"నేనుండి ఉంటే ఇలా జరిగేదా?" అందామె.

రెండో పాఠం రోజు దలెందా ఇంట్లో లేదు. మొదటి పాఠంలో కొండమీది కోళ్ళూ, పిల్లలూ, తోజర్ నుంచి రేడియో, వాకిట్లో ఆరుగురు ఆడవాళ్ళూ అన్నీ కలిసి ఒక్కసారే మాట్లాడితే పట్టిన తలనొప్పి రెండు రోజులు దిగలేదు. అందుకని రెండో వారం సరిగ్గా నాలుగింటికి అక్కయ్య ఇంటికి చెక్కేసింది.

'నేనుండి ఉంటే' అన్న మాటకి మోంజి తలెత్తి ఆమె వంక చూశాడు. ఏదో అనబోయాడు. నోరు తెరిచి, మూసి, ఆ నోట్లో రొట్టె పెట్టుకున్నాడు.

తప్పు చేసినవాడి మొహం ఎలా ఉంటుందో దలెందాకి తెలుసు. అచ్చం ఇలాగే నములుతుంది.

*

మధ్యాహ్నం తిరిగాక దలెందా కాఫీ కలిపి, అందులో రెండు చుక్కలు నిరుటి పూల నీళ్ళు వేసి, మేడ మీదికి పట్టుకెళ్ళింది. గదిలో ఎవరూ లేరు. పూల వాసన మాత్రం తలుపు తియ్యగానే ఎదురొచ్చి కావలించుకుంది.

స్నానాల గదిలో అలికిడైంది. చూస్తే అత్తగారు కుళాయి కింద గిన్నె పెట్టి, నేలమీద కూలబడి, కళ్ళు మూసుకుని ఉంది. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"అత్తయ్యా, ఏమైంది?"

"ష్!" చెయ్యెత్తింది ఆవిడ. కాసేపు విన్నది. తర్వాత లేచి, గుమ్మం బయటికి నడిచి, మళ్ళీ విన్నది. మెట్ల దాకా వెళ్ళి, మళ్ళీ విన్నది. తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది.

"దగ్గరది వినిపిస్తోంది. గుమ్మం దాకా పరవాలేదు. మెట్ల దగ్గర కూడా ఉంది." వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పోయిందల్లా దూరపు చెవి."

"ఏం చెవి?"

"దూరపు చెవి అమ్మాయ్. దూరపు చూపు పోదూ? మా అన్నయ్యకి పోలే? చేతిలో సూది కనిపించేది, వీధిలో ఒంటె కనిపించేది కాదు. నాకు చెవిలో వచ్చింది అదే."

దలెందా కాఫీ కింద పెట్టింది. నవ్వొచ్చింది. అత్తగారి మొహం చూశాక ఆ నవ్వు ఎటు పోవాలో తెలియక గొంతులోనే ఆగిపోయింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"మొదటి వారం కొండమీది చుక్క కూడా వినిపించింది నాకు. అక్కడి జకియా బుడ్డిలో పడేది ఇక్కడ నా ఒళ్ళో పడ్డట్టుండేది. పోయినవారం ఏదీ లేదు. వాళ్ళ నోళ్ళు ఆడుతూనే ఉన్నాయి. చేతులు ఊపుతున్నారు. ఏదో అడుగుతున్నారు నన్ను. నాకేమో గోడకి చెవి పెట్టినట్టుంది. మోంజి మాట మాత్రం వినిపిస్తోంది."

"అది ఎవరికైనా వినిపిస్తుంది లెండి."

"నవ్వులాటకి కాదు. మా అమ్మ నాకు కళ్ళకి గంత కట్టి నేర్పింది ఈ విద్య. చుక్కకీ చుక్కకీ మధ్య ఒక బిస్మిల్లా అనుకునేంత సేపు పట్టాలి. అంతకంటే తొందరగా పడితే మంట ఎక్కువైనట్టు. ఆలస్యమైతే ఆవిరిని చల్లార్చే పై నీళ్ళు వేడెక్కినట్టు. చూసి చెప్పేదేం లేదు, వినే చెప్పాలి. నాకు వినపడలేదు, వాళ్ళ పూలు మాడిపోయాయి. జకియా పంపిన కబురు విన్నావుగా, నీళ్ళు పొగ వాసనొస్తున్నాయని? నా పేరు మీద పొగ! అరవయ్యేళ్ళలో ఎన్నడైనా ఉందా?"

"ఈ మాట మీ అబ్బాయితో చెప్పలేదేం?"

"చెబితే ఏం చేస్తాడు? పట్నం తీసుకెళ్ళి చెవిలో ఆ మిషన్ పెట్టిస్తాడు. అది ఈల వేస్తుంది. పక్కింటి ముసలాయనది వెయ్యట్లా? మసీదులో అందరూ ఆయన వంక చూస్తారు." ఆవిడ కాఫీ అందుకుంది. "అమ్మాయ్, నీకు నేర్పి ఉండాల్సింది. నువ్వెప్పుడూ టీ పెట్టుకొస్తానని వంటింట్లోకి పారిపోయేదానివి. నేనూ బతిమాలలేదు. ఇప్పుడు ఆ తాళం ఇచ్చాను గానీ, విద్య ఇవ్వడానికి చెవి లేదు."

ఇరవయ్యారేళ్ళుగా దలెందా ఆ టీ పెడుతూనే ఉంది. తను బిజెర్త్ పిల్ల. సముద్రం వాసనలో పెరిగింది. ఈ ఇంట్లో పూలకాలం వస్తే తనొక చుట్టం. ఆ మాట ఎవరూ అనలేదు, అందుకే అది ఎప్పుడూ మాసిపోలేదు.

*

మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది. కొండమీంచి జకియా.

"దలెందక్కా! పూలు చేరాయి. మంచులో వచ్చినా ఒక్క రేకు వాడలేదు. పదకొండు మందిమి, రెండు బట్టీలు తోమిపెట్టుకుని కూర్చున్నాం. మా గురువమ్మ లెల్లా షెద్లియా ఎలా ఉంది? కోపంగా ఉందా మా మీద?"

"మీ మీద కోపం దేనికి?"

"పొగ వాసనని నోరుజారి కబురు పెట్టాంగా. మా అత్త నన్ను తిట్టిపోసింది, గురువుకి అలాంటి మాట చెబుతారా అని. అయినా మేం ఆ రోజు అరిచాం అక్కా, గొంతు పోయేలా అరిచాం. 'లెల్లా, ఇది ఎక్కువగా ఉడుకుతోంది, ఏం చెయ్యమంటావు?' అని. అరిస్తే మటుకు ఎలా వినపడుతుంది, మా నోళ్ళు కట్టేశారుగా."

దలెందా మెట్టు మీదే ఆగిపోయింది. "ఎవరు కట్టేశారు?"

"మాస్టారు. మా గడిలో మైకు బొమ్మ మీద ఎర్రగీత పెట్టేశారు. పాఠం అయ్యేదాకా తియ్యలేదు. బడి కదా, అంతేనేమో అనుకున్నాం. తోజర్ పెద్దాయన అయితే పాపం చెయ్యెత్తి అలాగే కూర్చున్నాడు, అరగంట."

దలెందా మిగతా మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు.

మోంజి వాకిట్లో కంప్యూటర్ బల్ల సర్దుతున్నాడు. పక్కన అట్టవేసిన హాజరు పుస్తకం. పక్కింటి క్మార్ అప్పుడే చాప పరుచుకుని ముందు వరసలో చోటు పట్టేసింది. ఈ పాఠాలంటే క్మార్‌కి మొదట్నుంచీ పడదు. మన నాబుల్ సువాసనని తీగల్లో పోసి ఊరూరా పంచుతారా అని వాదిస్తుంది. ఒక్క పాఠం మానదు.

"మాస్టారూ! పోయినవారం అందరి మైకులూ ఆపేశావా?"

మోంజి వైరు చుడుతున్నవాడల్లా ఆగాడు. "ఆపాను."

"ఆవిడ చెవితో చెప్పే పాఠానికి చెవి మూసేశావా! నీ తల్లి ఏమనుకుంటోందో తెలుసా? తనకి దూరపు చెవి పోయిందనుకుంటోంది. వారం రోజులుగా కుళాయి కింద కూర్చుని పరీక్ష పెట్టుకుంటోంది!"

మోంజి చేతిలోంచి వైరు జారిపోయింది. కుర్చీలో కూర్చున్నాడు.

"నలభై నిమిషాలు మాట్లాడినందుకు అలిగిందనుకున్నాను" అన్నాడు.

"దానికీ అలగచ్చు. అది వేరే ఖాతా. ఎందుకాపావు? ఏం పుట్టింది నీకు?"

మళ్ళీ అదే చూపు. మళ్ళీ నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. "గోలగా ఉంది" అన్నాడు నెమ్మదిగా.

"గోలట! పెళ్ళివారింటికెళ్ళి డప్పు వద్దన్నాడట! క్మార్, వింటున్నావా?"

"నేనెందుకు వింటానమ్మా, నాది దగ్గర చెవి" అంది క్మార్, అక్షరం వదలకుండా వింటూ.

మోంజి లేచి మేడవైపు నడిచాడు. తలుపు అవతల తల్లీకొడుకుల మాటలు వినిపించాయి. నీ చెవి బాగానే ఉందమ్మా అని ఆయన. నన్ను ఊరడించకు, పో అని ఆవిడ. నిజంగా నేనే ఆపానమ్మా. మంచివాడివి నాయనా, అమ్మ కోసం అబద్ధమాడుతున్నావు, పో. తలుపు మూసుకుంది.

ఆయన దిగివచ్చాడు. జీవితంలో మొదటిసారి నిజం ఒప్పుకుంటే తల్లి నమ్మలేదు.

మూడున్నర అయింది.

దలెందా కాసేపు ఆలోచించింది. తర్వాత కొంగుకి తాళం తుడుచుకుని, వెళ్ళి అలమారా తెరిచింది.

బట్టీ కుండని రెండు చేతులా ఎత్తి, వాకిట్లో గ్యాసు పొయ్యి మీద వీలైనంత చప్పుడుగా దించింది. రాగి ఖంగుమంది. మేడ మీద మంచం కిర్రుమంది.

"క్మార్, ఈ మూత ఇలాగేనా?" గొంతు పెంచి అడిగింది దలెందా, మూతని వెనక్కి తిప్పి పెడుతూ.

"అలా కాదు తల్లీ, గొట్టం బుడ్డి వైపుకి..." క్మార్ లేవబోయింది. దలెందా ఆమె మోకాలి మీద చెయ్యేసి, కన్నుగీటి, కూర్చోబెట్టింది.

"పరవాలేదు, ఎటున్నా ఆవిరేగా! అతుకుకి పిండి గుడ్డ చుట్టాలంటారు. పిండెందుకు దండగ, పొడిగుడ్డ చాలు. పూలు కింద పోసి కాళ్ళతో తొక్కనా? ఎక్కువ పడతాయి!"

మేడ తలుపు దభాలున తెరుచుకుంది.

"దించవే! దించు ఆ మూత! మా అమ్మ సమాధిలో లేచి కూర్చుంటుంది! పొడిగుడ్డట! పూలు నేనే తెస్తున్నాను, ఎవరూ ముట్టుకోకండి!"

షెద్లియా పూల దుప్పటి మూటకట్టి ఎత్తుకుని, ఒక్కో మెట్టుకి ఒక్కో తిట్టు చొప్పున పదహారు మెట్లూ దిగింది. మూత తిప్పింది. గుడ్డపేలిక పిండిలో తడిపి అతుకు చుట్టూ చుట్టింది, చంటిపిల్లకి పొత్తిగుడ్డ చుట్టినట్టు. పూలు దోసిళ్ళతో వదిలింది. పైగిన్నెలో చల్లనీళ్ళు పోసి, బుడ్డి మూతిని గొట్టం కింద పెట్టాక గానీ తను ఎక్కడుందో ఆవిడకి గుర్తురాలేదు. వాకిలి నిండా ఆడవాళ్ళు. ఎదురుగా తెర.

"నేను చెప్పను. ఇది చేసి వెళ్ళిపోతాను" అంది.

"చెప్పొద్దు అత్తయ్యా. ఊరికే కూర్చోండి."

నాలుగు కొట్టింది. మోంజి గంట కొట్టలేదు. హాజరు పిలవలేదు. బల్ల దగ్గర వంగి, ఒక్కో గడి మీదా ఎర్రగీత తీసేశాడు.

ముందు కోడి కూసింది. వెనకే ఎవరో పిల్లాడు ఏడ్చాడు, ఇంకెవరో వాణ్ణి ఊరుకోబెట్టారు, ముసలావిడ దగ్గింది, తోజర్ నుంచి రేడియోలో వార్తలు. "లెల్లా! లెల్లా షెద్లియా! మేం వినిపిస్తున్నామా?" పదకొండు గొంతులు ఒక్కసారిగా.

షెద్లియా చెయ్యి గుండె మీదికి వెళ్ళింది.

"కోడి" అంది. "కోడి కూసింది. కొండమీది కోడి."

"అవును లెల్లా, మాదే! దిక్కుమాలినది, వేళాపాళా లేదు దానికి!"

"తిట్టకే దాన్ని! ఇంకోసారి కుయ్యమను!"

వాకిలంతా ఘొల్లుమంది. క్మార్ నాలుక ఆడించి పెళ్ళిళ్ళలో పెట్టే కేక పెట్టింది. తీగల్లో సువాసన పోయడానికి వీల్లేదన్న మనిషి పెట్టిన కేక కొండ దాకా పోయింది. అక్కణ్ణుంచి పదకొండు కేకలు తిరిగొచ్చాయి.

"చాలు, చాలు. ఇప్పుడు ఎవరూ మాట్లాడకండి" అంది షెద్లియా. ఆ మాట మోంజి నోట వింటే బడి గుర్తొస్తుంది. ఆవిడ నోట వింటే ప్రార్థన గుర్తొస్తుంది. కళ్ళు మూసుకుంది. అన్ని చోట్లా మంటలు వెలిగాయి. పావుగంట గడిచింది. అర్ధగంట గడిచింది. ఎక్కడో దూరాన, టప్.

"జకియా! నీ రెండో బట్టీ పరిగెడుతోంది. బిస్మిల్లా సగంలోనే పడుతోంది చుక్క. మంట దించు."

"దించాను! రెండోదని ఎలా తెలిసింది లెల్లా?"

"దాని బుడ్డి మూతి సన్నం. చుక్క బావిలో పడ్డట్టు పడుతోంది. తయ్యిబ్, నాయనా, నీ దగ్గర అసలు పడడమే లేదు. పై నీళ్ళు ముట్టుకు చూడు."

గడిలో తయ్యిబ్ లేచాడు. పైగిన్నెలో వేలు పెట్టి కెవ్వుమన్నాడు. "కాలింది!"

"కాలదూ మరి? మార్చు. ఆ రేడియో కూడా కట్టెయ్. నీ వార్తలు మా కోడి ముందు ఎంత!"

తయ్యిబ్ నీళ్ళు మార్చాడు. కాసేపటికి అక్కడా మొదలైంది, టప్, టప్, నెమ్మదిగా, పద్ధతిగా. ఆ బట్టీ ఆయన భార్యది. ఆవిడ పోయాక మూడేళ్ళు మూల పడుందని మొదటి పాఠంలో చెప్పాడు. ఇప్పుడు అరచేతిలో ఒక చుక్క పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది తయ్యిబ్? పొగా?" షెద్లియా కంగారుపడింది.

"లేదు లెల్లా. పొగ లేదు." అరచేతి వంక చూసుకున్నాడు. "ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది. అంతే."

చుక్కలు మాట్లాడుకున్నాయి, కొండదీ, ఎడారిదీ, వాకిట్లోదీ.

షెద్లియా కళ్ళు తెరిచింది. ఇప్పుడు ఆ కళ్ళలో తడి లేదు. అరవయ్యేళ్ళ అధికారం ఉంది.

"అయితే నా చెవికేం కాలేదన్నమాట. మరి పోయినవారం దాన్ని మూసిందెవరు?"



"నేనే అమ్మా" అన్నాడు మోంజి. "ఇందాక చెప్పాను. నువ్వు నమ్మలేదు."

"నువ్వా! నా కడుపున పుట్టి!" ఆవిడ అందరి ముందూ, రెండు ఊళ్ళ ముందూ, కోడి ముందూ మొదలుపెట్టింది. తన పేరు మీద పొగ పెట్టాడన్నది, కొండమీది పూలు మాడ్చాడన్నది, ముసలితనాన్ని పదేళ్ళు ముందుకి తెచ్చాడన్నది. "దీనికి శిక్ష ఉంది. చేసిన మనిషి ఇవాళ పై నీళ్ళన్నీ మోసి మార్చాలి. నారింజ అయిపోతే జెరేనియం వస్తుంది, అదైతే వచ్చే ఏటి నారింజ. ప్రతి పాఠానికీ నా పక్కన చాప మీద కూర్చుని, నేను చాలన్నదాకా బకెట్లు మోస్తూ, చుక్క వినడం నేర్చుకోవాలి!"

"సరే అమ్మా."

తల వంచుకుని నిలబడ్డాడు మోంజి. దలెందాకి భలే తృప్తిగా అనిపించింది. జకియా మొదటి బుడ్డి ఎన్నింటికి నిండిందో రాసుకోవాలని హాజరు పుస్తకం దగ్గరికి లాక్కుని తెరిచింది.

మోంజి చేతిరాత గుండ్రంగా, నల్లబల్ల మీద రాసినట్టుంటుంది. మొదటి పాఠం కింద హాజరు పద్దెనిమిది. దాని కింద ఒక గీత. గీత కింద రెండు వాక్యాలు.

'ఇంట్లో ఒకరికి తలనొప్పి. వచ్చే వారం నుంచి మైకులు ఆపాలి.'

దలెందా ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివింది.

ఆ సాయంత్రం ఇప్పుడు గుర్తొచ్చింది. నుదుటికి రుమాలు బిగించుకుని, దీపం ఆర్పించి, మంచం మీద పడుకుని తను అన్న మాటలు. 'ఆ కోళ్ళనీ, ఆ మనుషుల్నీ ఎవరైనా నోరు మూయించండి బాబోయ్! ముప్పై రెండేళ్ళు నలభై మంది పిల్లల్ని ఊరుకోబెట్టినవాడివి, ఈ రెండు గళ్ళని ఊరుకోబెట్టలేవా మాస్టారూ? ఇంకో వారం ఇలా అయితే నేను బిజెర్త్ వెళ్ళిపోతాను.' ఆయన రుమాలు మళ్ళీ తడిపి తెచ్చాడు. 'సరే' అన్నాడు. అంతే అన్నాడు.

పొద్దుట్నుంచి రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఈ మాట అనబోయే ఉంటాడు.

ఆమె తలెత్తింది. మోంజి బకెట్టు అందుకుని నీళ్ళకి బయల్దేరుతున్నాడు. వెనక అత్తగారి తిట్లు ఇంకా నడుస్తున్నాయి. కొండమీంచి జకియా అత్త కూడా రెండు కలుపుతోంది. ఊరుకుంటే అయిపోతుంది. ఆయన చచ్చినా చెప్పడు. పుస్తకం మూసేస్తే సరి.

దలెందా పుస్తకం మూసింది. లేచింది. కంప్యూటర్‌ని తన వైపుకి తిప్పుకుంది. ఏ గడి మీదా ఎర్రగీత లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుంది.

"అత్తయ్యా, ఒక్క క్షణం ఆగండి. జకియా, తయ్యిబ్‌గారూ, మీరూ వినండి. క్మార్, నువ్వు ఎలాగూ వింటావు."

మోంజి గుమ్మంలో ఆగి, వద్దన్నట్టు తల ఊపాడు.

"మీ నోళ్ళు కట్టిన చేతులు ఆయనవి. కట్టమని పోరిన నోరు నాది. గోల భరించలేను, ఆపకపోతే పుట్టింటికి పోతానన్నాను. అని మర్చిపోయాను. పైగా పొద్దుట్నుంచీ ఆయన్నే దులిపేస్తున్నాను, ఆయన నా పేరెత్తకుండా పడుతున్నాడు. అత్తయ్యా, మీ చెవి మూసింది నేను. మీ పేరు మీద పొగ పెట్టింది నేను."

షెద్లియా చెయ్యి గాలిలో ఆగిపోయింది. కొండమీద కోడి కూడా ఊరుకుంది. చుక్క పడింది, ఇంకో చుక్క పడింది.

దలెందా వెళ్ళి మొగుడి చేతిలోంచి బకెట్టు లాక్కుంది.

"తప్పు నాది మోంజీ. ఇటివ్వు, ఇది నేను మొయ్యాల్సింది."